డెన్మార్క్, జర్మనీ సరిహద్దు తగువు అసలు దేనికి? బిస్మార్క్‌తోనే మొదలైందా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. డేన్లకూ జర్మన్లకూ వెయ్యేళ్ల నుంచీ పడదంటారు, నిజమేనా? డెన్మార్క్ మీద 1864 యుద్ధం, ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి ప్రధాని అయిన బిస్మార్క్ కావాలని పెట్టుకున్నదేనా? అంతలా కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు చప్పుడు లేకుండా ఎలా ఉన్నారు? సివిల్స్‌కు చదువుతున్నాననీ, పుస్తకంలో ఈ సంగతిని రెండు వాక్యాల్లో తేల్చేశారనీ రాశారు. నిజమే, చాలా పుస్తకాల్లో అంతే ఉంటుంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. వెయ్యేళ్ల పగ అన్నది తర్వాతి కాలం వాళ్లు వెనక్కి తిరిగి చూసి అల్లిన కథ. అసలు తగువు రాజుకున్నది 1830, 40ల్లో. అదీ రెండు దేశాల మీద కాదు, ష్లెస్విగ్ అనే ఒక్క సంస్థానం మీద. బిస్మార్క్ ఆ పొయ్యి వెలిగించలేదు, మండుతున్న పొయ్యి మీద తన వంట చేసుకున్నాడు. ఇప్పుడు గొడవ లేకపోవడానికి కారణం, రెండు వైపులవాళ్లూ 'మొత్తం నాకే' అన్న పట్టు వదిలి పంపకానికి ఒప్పుకోవడం. ఆ పంపకం 1920లో, అక్కడి జనం ఓట్లేశాక జరిగింది. దాన్ని ఇద్దరూ మనసారా ఒప్పుకోవడానికి ఇంకో 35 ఏళ్లు పట్టింది.

నా సంగతి రెండు ముక్కలు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు యూరప్ చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి హాంబుర్గ్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడి పుణ్యమా అని, మ్యాపు మీద కర్రతో చూపించిన ఊళ్లలో రెండుసార్లు కాళ్లారా తిరిగాను. క్లాసులో నేను కొన్ని తప్పులు కూడా చెప్పానని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఈ పాఠం మొదలెట్టగానే అందరు మాస్టర్లూ ఒక జోకు చెబుతారు. బ్రిటన్ ప్రధాని పామర్‌స్టన్ అన్నాడని ప్రచారంలో ఉన్న మాట అది. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ సమస్య పూర్తిగా అర్థమైంది ముగ్గురికేనట. ఒకరు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్, ఆయన పోయాడు. రెండోవాడు ఒక జర్మన్ ప్రొఫెసర్, ఆయనకు పిచ్చెక్కింది. మూడోవాణ్ణి నేనే, మర్చిపోయాను. పిల్లలు నవ్వుతారు, మాస్టరు సగం పాఠం ఎగ్గొడతాడు. నేనూ అదే చేశాను చాలా ఏళ్లు. నిజానికి అది అంత కొరుకుడుపడని సమస్యేమీ కాదు. మన ఊళ్లలో ఉమ్మడి ఆస్తి తగాదా చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

ముందు మ్యాపు. జర్మనీ నెత్తిమీద నుంచి ఉత్తరానికి పొడుచుకొచ్చిన ద్వీపకల్పం ఉంది కదా, అది జట్లాండ్. పైభాగం డెన్మార్క్. దాని కింద ష్లెస్విగ్. ష్లెస్విగ్ కింద ఐడర్ అనే నది, ఆ నది దాటితే హోల్‌స్టైన్. కథంతా ఈ కాస్త నేల మీదే.

పాత కాలంలో యుద్ధాలు జరగలేదని కాదు. 811లో డేన్ల రాజు హెమ్మింగ్, ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ మనుషులతో సంధి చేసుకుని ఐడర్ నదిని హద్దుగా ఒప్పుకున్నాడు. అంతకు ముందునుంచే డేన్లు ష్లెస్విగ్ పట్టణానికి దగ్గర్లో డానెవిర్కె అనే మట్టికట్ట పోసుకుంటూ వచ్చారు. అన్నీ కలిపితే 30 కిలోమీటర్ల పొడవు. కొయ్య దుంగల వయసును బట్టి 737 నాటి పని అందులో ఉందని తేల్చారు. 12వ శతాబ్దంలో వాల్డెమార్ రాజు దాంట్లో కొంత మేర ఇటుక గోడ కట్టించాడు. పక్కనే హెడెబీ అనే వైకింగుల వర్తక పట్టణం. ఈ రెండింటికీ కలిపి 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నేను చూసినప్పుడు ఆ కట్ట మీద గొర్రెలు మేస్తున్నాయి. ఆ గోడ శిథిలం పక్కన నుంచుంటే 'ఇటు డేన్లు, అటు జర్మన్లు' అని ఎవరికైనా అనిపిస్తుంది. 19వ శతాబ్దం వాళ్లకూ సరిగ్గా అలాగే అనిపించింది, గొడవ అక్కడే వచ్చింది. ఆ కట్ట పోసినవాడికి తెలిసింది రాజు, పన్ను, దోపిడీ. జాతి అనే మాట వాడి నోట్లో లేదు.

అసలు మెలిక 1460లో పడింది. ష్లెస్విగ్, హోల్‌స్టైన్ రెండూ ఏలుతున్న అడాల్ఫ్ 1459లో పిల్లల్లేకుండా పోయాడు. అక్కడి జమీందారులు సమావేశమై, ఆయన మేనల్లుడు, అప్పటికే డెన్మార్క్ రాజైన మొదటి క్రిస్టియన్‌ను తమ ఏలికగా ఎన్నుకున్నారు. ఊరికే కాదు, రీబె పట్టణంలో ఆయనచేత ఒక కాగితం రాయించుకున్నారు. ఈ రెండు సీమలూ ఎప్పటికీ కలిసే ఉండాలి, పంపకం చేయకూడదు అని అందులో ఒక మాట.

ఇక చూడండి తమాషా. డెన్మార్క్ రాజే ష్లెస్విగ్‌కు డ్యూక్, హోల్‌స్టైన్‌కూ ఏలిక. కానీ ష్లెస్విగ్ డెన్మార్క్ కిరీటం కింద ఉన్న సామంత సీమ. హోల్‌స్టైన్ మాత్రం జర్మన్ సామ్రాజ్యంలో భాగం. అంటే ఒకే మనిషి కోపెన్‌హాగెన్‌లో రాజు, ఐడర్ నది దాటగానే జర్మన్ చక్రవర్తికి సామంతుడు. ష్లెస్విగ్ విషయంలో ఆయన తనకు తానే సామంతుడు! పరీక్షలో ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాస్తే సగం మార్కులు వచ్చినట్టే.

పోనీ, పంపకం చేయకూడదన్న మాట నిలబెట్టుకున్నారా? 1544లోనే అన్నదమ్ములు ముగ్గురూ ఆ సీమల్ని ముక్కలు చేసి పంచేసుకున్నారు. మళ్లీ అవన్నీ రాజు చేతికి రావడానికి 1773 దాకా పట్టింది. ఆ పాత కాగితం నాలుగు వందల ఏళ్లు పెట్టెలో పడుంది. దాన్ని బయటికి తీసి 'ఎప్పటికీ విడదీయరానివి' అని నినాదం చేసింది 19వ శతాబ్దం వాళ్లే.

ఈ మధ్యకాలంలో భాష ఎవరికీ పెద్ద పట్టింపు కాదు. డెన్మార్క్ రాజవంశమే జర్మన్ మూలాలున్న ఓల్డెన్‌బుర్గ్ వంశం. 18వ శతాబ్దంలో చాలాకాలం డెన్మార్క్ సైన్యంలో ఆజ్ఞలు జర్మన్‌లోనే ఇచ్చేవాళ్లు. మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి డెన్మార్క్ వాళ్ల స్థావరం. డెన్మార్క్ రాజు అక్కడికి పంపిన మత ప్రచారకులు మాత్రం జర్మన్లు. వాళ్ల తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, తిరిగి జర్మనీ వెళ్లాక 1740ల్లో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు చరిత్రలో తొలి పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. డెన్మార్క్ రాజు కొలువులో ఒక జర్మన్, తెలుగు అచ్చులో. ఆ రోజుల్లో ఎవరికీ ఇది వింతగా అనిపించలేదు.

మరి 1830ల తర్వాత ఏమైంది? రెండు మార్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి. ప్రజలకు రాజ్యాంగం కావాలి, ఓటు కావాలి అన్న కోరిక ఒకటి. మన భాష, మన జాతి అన్న ఉత్సాహం రెండోది. రాజు ఒక్కడే ఏలుతున్నప్పుడు ఎవడు ఏ భాష మాట్లాడినా ఫర్వాలేదు. పార్లమెంటు వచ్చేసరికి అందులో ఎవరు కూర్చోవాలి, ఏ భాషలో మాట్లాడాలి అన్న ప్రశ్న తప్పదు. 1830లో ఊవె యెన్స్ లోర్న్‌సెన్ అనే ఉద్యోగి రెండు సీమలకూ కలిపి ఉమ్మడి రాజ్యాంగం కావాలని ఒక చిన్న పుస్తకం వేసి జైలుకెళ్లాడు. కోపెన్‌హాగెన్ ఉదారవాదులేమో 'ఐడర్ దాకా డెన్మార్క్' అన్నారు. అంటే హోల్‌స్టైన్ పోతే పోనీ, ష్లెస్విగ్ మొత్తం మాది. జర్మన్ ఉదారవాదులు 'రెండూ విడదీయరానివి, కాబట్టి ష్లెస్విగ్ మొత్తం మాది' అన్నారు. గమనించండి, ఇద్దరూ అభ్యుదయవాదులే, ఇద్దరూ ప్రజాస్వామ్యం కోరినవాళ్లే. ఇద్దరికీ ష్లెస్విగ్ మొత్తం కావాలి.

నేను క్లాసులో చెప్పిన తప్పు ఇక్కడుంది. ష్లెస్విగ్‌లో డేన్లు, హోల్‌స్టైన్‌లో జర్మన్లు అని బోర్డు మీద రెండు గళ్లు గీసేవాణ్ణి. హోల్‌స్టైన్ జర్మన్ సీమ, అది సరే. ష్లెస్విగ్ అలా కాదు. ఉత్తరాన డేనిష్, దక్షిణాన జర్మన్, పడమటి తీరంలో ఫ్రీజియన్. మధ్యలో అంతా కలగలుపు. ఇంట్లో డేనిష్ యాస, సంతలో లో-జర్మన్ (ఉత్తర జర్మనీ జనం వాడుక భాష), చర్చిలో పుస్తకాల జర్మన్. ఆంగెల్న్ అనే ప్రాంతంలో తాతలు డేనిష్ యాస మాట్లాడితే మనవళ్లు లో-జర్మన్‌లోకి మారిపోయారు, ఎవరూ బలవంతం చేయకుండానే. ఇంకో చిక్కు, ఇంట్లో డేనిష్ మాట్లాడుతూ మనసారా 'నేను ష్లెస్విగ్-హోల్‌స్టైన్ వాణ్ణి, జర్మన్ వైపు' అనుకున్నవాళ్లు బోలెడుమంది. భాషను బట్టి జాతిని లెక్కగట్టబోతే అక్కడ లెక్క తప్పుతుంది.

దీనికి తోడు వారసత్వం గొడవ. ఏడో ఫ్రెడరిక్ 1848లో రాజయ్యాడు, పిల్లల్లేరు. డెన్మార్క్ చట్టం ప్రకారం ఆడవాళ్ల వరస ద్వారా కూడా కిరీటం దక్కుతుంది. హోల్‌స్టైన్‌లో మగ వరసకే. కాబట్టి ఈయన పోతే రెండూ విడిపోతాయి. మరి మధ్యలో ఉన్న ష్లెస్విగ్ ఎటు?

1848 మార్చిలో యూరప్ అంతా విప్లవాలు. కోపెన్‌హాగెన్‌లో జనం ఊరేగింపుగా వెళ్లి ఐడర్ దాకా డెన్మార్క్ కావాలన్నారు. మూడు రోజులు తిరక్కుండా, మార్చి 24న, సంస్థానాల జర్మన్ పక్షం రెండ్స్‌బుర్గ్ కోట పట్టుకుంది. మూడేళ్ల యుద్ధం. ప్రష్యా మొదట వేలుపెట్టింది, రష్యా, బ్రిటన్ కళ్లెర్రజేస్తే వెనక్కి తగ్గింది. 1850 జూలై 25న ఇస్టెడ్ దగ్గర ఇరువైపులా కలిపి 60 వేలమందికి పైగా తలపడ్డారు, డేన్లు గెలిచారు. డెన్మార్క్ వాళ్లు దీన్ని గెలుపు అనుకున్నారు కానీ 1852లో పెద్ద రాజ్యాలన్నీ లండన్‌లో కూర్చుని చేసిన ఏర్పాటు ఏమిటంటే, పాత పరిస్థితే కొనసాగాలి. వారసుడిగా గ్లూక్స్‌బుర్గ్ క్రిస్టియన్‌ను ఒప్పుకున్నారు. దాంతోపాటు, ష్లెస్విగ్‌ను హోల్‌స్టైన్ కన్నా ఎక్కువగా తమలో కలుపుకోబోమని డెన్మార్క్ ప్రష్యాకూ ఆస్ట్రియాకూ మాటిచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

గెలిచిన ఊపులో డెన్మార్క్ ఇంకో తప్పు చేసింది. 1851లో మధ్య ష్లెస్విగ్ బడుల్లో, చర్చిల్లో డేనిష్‌ను రుద్దింది. అప్పటిదాకా ఎటూ కాకుండా ఉన్న రైతులు కూడా జర్మన్ వైపు మొగ్గింది ఆ తర్వాతే. డెన్మార్క్ చిన్న దేశం కదా అని మనకు సానుభూతి ఉంటుంది, నాకూ ఉంది, కానీ ఈ సంగతి దాచకూడదు.

ఇప్పుడు బిస్మార్క్. 1863 నవంబరు 15న ఏడో ఫ్రెడరిక్ చనిపోయాడు. లండన్‌లో ఒప్పుకున్న ఆ గ్లూక్స్‌బుర్గ్ క్రిస్టియనే కొత్త రాజు తొమ్మిదో క్రిస్టియన్. ఆయన గద్దెనెక్కిన మూడో రోజున, నవంబరు 18న, డెన్మార్క్‌కూ ష్లెస్విగ్‌కూ కలిపి ఉమ్మడి రాజ్యాంగం మీద సంతకం పెట్టాడు. పెట్టడం ఆయనకు ఇష్టం లేదు, పెట్టకపోతే రాజధాని ఊరుకునేలా లేదు. అది 1852లో ఇచ్చిన మాట తప్పడమే. జర్మనీ అంతటా జాతీయవాదులు ఆగస్టెన్‌బుర్గ్ వంశపు యువరాజును డ్యూక్ చేయాలని గోల చేస్తున్నారు. బిస్మార్క్ ఆ గోలలో కలవలేదు. 'మాకు వేరే ఏమీ వద్దు, డెన్మార్క్ 1852 ఒప్పందం పాటిస్తే చాలు' అన్నాడు. పెద్దమనిషి మాట! అలా అంటే బ్రిటన్, రష్యా అడ్డు చెప్పలేవు, ఆస్ట్రియా కూడా పక్కనుంటుంది. పుస్తకాలు 'బిస్మార్క్ కుట్ర' అని రాసేస్తాయి కానీ, కాలు జారే చోట ఆయన కాచుక్కూర్చున్నాడు, జారింది మాత్రం కోపెన్‌హాగెన్.

డేన్ల ఆశంతా బ్రిటన్ మీద. అంతకు కొన్ని నెలల ముందే పామర్‌స్టన్ పార్లమెంటులో, డెన్మార్క్ మీదికెళ్లినవాళ్లు ఒక్క డెన్మార్క్‌తోనే తలపడాల్సి ఉండదు అన్న అర్థంలో మాట్లాడాడు. పైగా కొత్త రాజు కూతురు అలెగ్జాండ్రా బ్రిటిష్ యువరాజుకు భార్య. తీరా యుద్ధం వచ్చేసరికి ఒక్క ఓడా కదల్లేదు.

1864 ఫిబ్రవరి 1న ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాలు ఐడర్ దాటాయి. డేన్లు సుమారు 40 వేలమంది డానెవిర్కె వెనక ఉన్నారు. జనం దృష్టిలో అది వెయ్యేళ్ల గోడ, ఎవరూ దాటలేరు. గోడకు రెండు పక్కలా ఉన్న నీళ్లూ బురదనేలలే దాని బలం. ఆ ఏడు చలికి అవి గడ్డకట్టాయి. గడ్డకట్టిన నీటి మీద సైన్యం నడిచి వెనక్కి వచ్చేయగలదు. సేనాపతి డె మెజా ఫిబ్రవరి 5 రాత్రి మంచు తుపానులో సైన్యాన్ని గుట్టుచప్పుడు కాకుండా వెనక్కి తీసుకెళ్లాడు. నా లెక్కలో ఆ యుద్ధంలో తెలివైన నిర్ణయం అదొక్కటే. రాజధాని ఆయన్ని ద్రోహి అంది, పదవి ఊడింది.

తర్వాత డ్యూబ్బోల్ అనే దిబ్బ దగ్గర పోరు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆ దిబ్బ మీద నేను ఒక ఏప్రిల్ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పెద్ద కొండేమీ కాదు, గడ్డి పెరిగిన ఎత్తు నేల. పైన తెల్లటి గాలిమర. యుద్ధాల్లో అది రెండుసార్లు నాశనమైంది, మళ్లీ కట్టుకున్నారు. వెనక సన్నటి జలసంధి, దానికి అవతల ఆల్స్ దీవి. దక్షిణాన నీళ్లకు అటు ఒడ్డున బ్రోఆగర్ చర్చి జంట శిఖరాలు కనిపిస్తాయి. చేయి చాస్తే అందేలా ఉన్నాయి. ప్రష్యన్లు ఆ ఒడ్డున కొత్తరకం ఫిరంగులు పెట్టారు, గొట్టం లోపల మరలున్నవి. డేన్ల గుళ్లు నీళ్లు దాటలేవు, వాళ్లవి దాటతాయి. మార్చి మధ్య నుంచి నెలరోజులు కొడుతూనే ఉన్నారు. తుపాకులు కూడా అంతే. ప్రష్యన్ సిపాయి పడుకుని వెనకనుంచి గుండు నింపుకోగలడు, డేన్ సిపాయి లేచి నిలబడి గొట్టం మూతి నుంచి కూరుకోవాలి. ఏప్రిల్ 18 ఉదయం పది గంటలకు దాడి. డేన్ల ముందు వరస మట్టికోటలు అరగంటలో పోయాయి. ఆ ఒక్కరోజు డేన్ల వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి సుమారు 5 వేలు. ప్రష్యన్ల నష్టం 1,200 దాకా. చేతికి ఎర్ర శిలువ (రెడ్‌క్రాస్) పట్టీ కట్టుకున్న పరిశీలకులు మొదటిసారి యుద్ధభూమిలో తిరిగింది కూడా ఈ యుద్ధంలోనే. జెనీవా నుంచి ఒక్కో వైపుకు ఒక్కొక్కరిని పంపారు, లూయి అపియా అనే డాక్టరు, వాన్ డె వెల్డె అనే మాజీ సైనికాధికారి.

ఇక్కడే డెన్మార్క్ చేజార్చుకున్న అవకాశం ఉంది. ఏప్రిల్ ఆఖర్లో లండన్‌లో చర్చలు మొదలయ్యాయి. ష్లెస్విగ్‌ను మధ్యలో గీత గీసి పంచుకోండి అన్న ప్రతిపాదన వచ్చింది. గీత ఎక్కడ అన్నదాని మీదే బేరం. యుద్ధం ఓడిపోతున్న దేశానికి అంతకన్నా మంచి బేరం దొరకదు. కోపెన్‌హాగెన్ బిగదీసుకుంది. జూన్ ఆఖరుకు చర్చలు విరిగాయి. జూన్ 29 తెల్లవారుజామున ప్రష్యన్లు పడవల్లో ఆల్స్ దాటారు, యుద్ధం అయిపోయింది. అక్టోబరు 30న వియన్నా ఒప్పందంతో ష్లెస్విగ్, హోల్‌స్టైన్, పక్కనున్న చిన్న సీమ లావెన్‌బుర్గ్ మూడూ పోయాయి. రాజ్యంలో మూడో వంతు నేల, జనాభాలో దాదాపు 40 శాతం. అందులో సుమారు 2 లక్షలమంది డేన్లు.

తర్వాతి కథ మీ పుస్తకంలో బాగానే ఉంటుంది. దొరికిన దాన్ని పంచుకోవడంలో ప్రష్యా, ఆస్ట్రియా కొట్టుకున్నాయి, 1866లో ప్రష్యా గెలిచింది. నేను చెప్పాలనుకున్నది అందులో పుస్తకాలు వదిలేసే ఒక వాక్యం గురించి. ఒకసారి క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచి, 'సార్, ఇంతమంది రాజులు కాగితాలు రాసుకున్నారు, అక్కడుండేవాళ్లను ఎవరూ అడగలేదా?' అంది. ఇన్నేళ్లలో ఈ పాఠం మీద నాకొచ్చిన మంచి ప్రశ్న అదే. అడుగుతామని 1866లో రాశారు. ఆ ఏడాది యుద్ధం ముగిశాక ప్రష్యా, ఆస్ట్రియా చేసుకున్న ప్రేగ్ ఒప్పందం 5వ అధికరణ: ఉత్తర ష్లెస్విగ్ జనం స్వేచ్ఛగా ఓటేసి కోరుకుంటే ఆ ప్రాంతాన్ని డెన్మార్క్‌కు ఇవ్వాలి. ప్రష్యా పన్నెండేళ్లు నాన్చి, 1878లో ఆస్ట్రియాతో మాట్లాడుకుని ఆ అధికరణను కొట్టేసింది.

ఆ మధ్యకాలం డేన్లకు చేదు కాలం. 1888 నుంచి బడుల్లో జర్మన్ తప్ప వేరే మాధ్యమం లేదు. వేలమంది యువకులు ప్రష్యా సైన్యంలో చేరడం ఇష్టంలేక డెన్మార్క్‌కో అమెరికాకో వెళ్లిపోయారు. డేనిష్ సభకు హాలు అద్దెకిచ్చిన సత్రం యజమానికి సారా లైసెన్సు పోతుందని బెదిరింపు. జనం ఏం చేశారంటే, సొంత చందాలతో ఊరి సభామందిరాలు కట్టుకున్నారు. వాటికి లైసెన్సు రాదు కాబట్టి మందు లేదు, కాఫీ ఉంటుంది. ప్రతి ఇంటి నుంచీ ఒక కేకు. ఎవరిది బాగుంటుందో అని ఆడవాళ్ల మధ్య పోటీ. ఇప్పటికీ అక్కడ 'దక్షిణ జట్లాండ్ కాఫీ బల్ల' అంటే ఏడు మెత్తటి కేకులు, ఏడు గట్టి బిస్కెట్లు. నాకు పెట్టినవాటిలో రై రొట్టె పొడితో చేసి క్రీమ్ పూసిన కేకు ఒకటుంది. నాలుగో దానికే నేను చేతులెత్తేశాను. పెట్టినావిడ మాత్రం ఇదంతా బిస్మార్క్ చలవే అని నవ్వింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ డేన్ కుర్రాళ్లు సుమారు 30 వేలమంది జర్మన్ యూనిఫాంలో పోరాడాల్సి వచ్చింది, వేలల్లో చనిపోయారు. డెన్మార్క్ ఆ యుద్ధంలో తటస్థం. జర్మనీ ఓడబోతోందని తెలిసిన 1918 అక్టోబరులో, బెర్లిన్ పార్లమెంటులోనే సభ్యుడైన హెచ్.పి. హాన్సెన్ లేచి ఆ 5వ అధికరణ సంగతి తేల్చమన్నాడు. యుద్ధం ముగిశాక జర్మనీతో చేసుకున్న వెర్సాయ్ ఒప్పందంలో ఓటింగు పెట్టారు.

1920 ఓటింగు లెక్కలు వివరంగా చూడండి, తర్వాతి గొడవ వీటిలోనే ఉంది. ఉత్తరాన మొదటి మండలం, ఫిబ్రవరి 10న: డెన్మార్క్‌కు సుమారు 75 శాతం. మధ్యలో రెండో మండలం, మార్చి 14న: జర్మనీకి 80 శాతం. ఓటేసినవాళ్లు 90 శాతం పైమాటే. అక్కడ పుట్టి వేరేచోట ఉంటున్నవాళ్లను కూడా రైళ్లలో, ఓడల్లో రప్పించి వేయించారు. మెలిక ఏమిటంటే, మొదటి మండలాన్ని మొత్తంగా ఒకే లెక్క కింద లెక్కపెట్టారు, రెండోదాన్ని ఊరూరా విడిగా. దాంతో టోండర్ పట్టణంలో నాలుగింట మూడొంతుల మంది జర్మనీకి వేసినా అది డెన్మార్క్‌కు వెళ్లింది. జర్మన్లు ఇది అన్యాయమన్నారు, అందులో నిజముంది. ఇటు డేన్లకు ఫ్లెన్స్‌బుర్గ్ పోయిందన్న బాధ. అక్కడ నాలుగింట మూడొంతులు జర్మనీకే పడ్డాయి. ఓట్లు ఎలా పడ్డా ఫ్లెన్స్‌బుర్గ్ కావాల్సిందేనని కోపెన్‌హాగెన్‌లో ఒత్తిడి. ప్రధాని జాలె ఒప్పుకోలేదు, పదో క్రిస్టియన్ రాజు మార్చి 29న మంత్రివర్గాన్ని ఇంటికి పంపాడు. దేశమంతా సమ్మె ముంచుకొస్తే రాజు దిగొచ్చాడు, ఫ్లెన్స్‌బుర్గ్ జర్మనీలోనే ఉండిపోయింది. జూలై 10న ఆయన తెల్లగుర్రం ఎక్కి పాత హద్దు దాటిన ఫొటో మీరు చూసే ఉంటారు. గుర్రం అందంగా ఉంటుంది కానీ, నన్నడిగితే అసలు మేలు చేసింది ఆ మంత్రివర్గం మొండితనమే. ఓటు చెప్పినదానికన్నా ఒక్క ఊరు ఎక్కువ తీసుకుని ఉంటే ఆ గీత ఇవాళ్టికి నిలిచేది కాదు.

నిలిచింది కూడా గట్టిగానే. 1940 ఏప్రిల్ 9న హిట్లర్ డెన్మార్క్‌ను ఆక్రమించాడు కానీ ఈ గీతను కదపలేదు, స్థానిక నాజీలు ఎంత అడిగినా. 1945 తర్వాత పరిస్థితి తిరగబడింది. తూర్పు నుంచి లక్షల శరణార్థులతో నిండిపోయిన ష్లెస్విగ్‌లో, ఉన్నట్టుండి బోలెడుమంది 'మేం డేన్లమే' అన్నారు. డెన్మార్క్ నుంచి ఆహారం పొట్లాలు వచ్చేవి కదా, అందుకే పొరుగువాళ్లు వాళ్లను 'బేకన్ డేన్లు' అని వెక్కిరించేవాళ్లు. బ్రిటిష్‌వాళ్లు సరిహద్దు మార్చుకుంటారా అని అడిగితే, 1946లో డెన్మార్క్ ప్రభుత్వం వద్దంది. గెలిచిన పక్షం ఇస్తానన్న నేలను వద్దన్న దేశాలు చరిత్రలో ఎన్నున్నాయో మీరే వెతకండి.

చివరి మెట్టు 1955 మార్చి 29. పశ్చిమ జర్మనీ నాటోలో చేరబోతున్న సమయం. అదే నాటోలో ఉన్న డెన్మార్క్‌తో మైనారిటీల సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరి మధ్య ఒప్పందం రాసుకోలేదు, ఎవరి ప్రకటన వాళ్లు చేశారు, పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో ఒకటి, కోపెన్‌హాగెన్‌లో ఒకటి. సారాంశం ఒక్క ముక్క: ఎవరు ఏ జాతి అన్నది ఎవరికి వాళ్లు చెప్పుకునే విషయం, అధికారులు కాదనకూడదు, పరీక్షించకూడదు. ముత్తాత పేరు అడగరు, ఇంట్లో ఏ భాష అని అడగరు. జర్మనీ వైపు డేనిష్ మైనారిటీ పార్టీ ఎస్సెస్‌వెకు రాష్ట్ర ఎన్నికల్లో 5 శాతం ఓట్ల నిబంధన వర్తించదు. 2021లో ఆ పార్టీ బెర్లిన్ పార్లమెంటులో కూడా ఒక సీటు గెలిచింది.

అంతా పాలూ నీళ్లలా కలిసిపోయారని మాత్రం రాయకండి. ఇస్టెడ్ గెలుపుకు గుర్తుగా డేన్లు 1862లో ఫ్లెన్స్‌బుర్గ్ శ్మశానంలో ఒక కంచు సింహం నిలబెట్టారు. 1864లో దాన్ని దించేశారు, తర్వాత బెర్లిన్ తీసుకెళ్లారు, 1945లో అది కోపెన్‌హాగెన్ చేరింది. తిరిగి ఫ్లెన్స్‌బుర్గ్‌కు వచ్చింది 2011లో, అదీ బోలెడంత చర్చ తర్వాత. 2016 నుంచి డెన్మార్క్ సరిహద్దులో మళ్లీ తనిఖీలు పెట్టింది. 2019లో సరిహద్దు పొడవునా, 70 కిలోమీటర్ల దాకా, కంచె కట్టింది. అడవిపందులు జబ్బు మోసుకురాకుండా అని కారణం చెప్పింది. జర్మన్ వైపు చాలామంది నొచ్చుకున్నారు.

అయినా రోజువారీ బతుకు వేరు. ఫ్లెన్స్‌బుర్గ్ పక్కన షూస్టర్‌కాటె దగ్గర వాగు మీద ఒక చిన్న కాలిబాట వంతెన ఉంది. అదే సరిహద్దు. పాస్‌పోర్టు జేబులో తడుముకుంటూ భయంభయంగా దాటాను, అటునుంచి ఒకావిడ కుక్కను నడిపించుకుంటూ వచ్చి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. మా అబ్బాయి స్నేహితుడొకడు పక్కా జర్మన్ కుటుంబం, పిల్లల్ని మాత్రం డేనిష్ బడికి పంపుతున్నాడు. బడి బాగుంటుందట. 'మరి నువ్వు డేన్‌వా?' అని అడిగాను. 'అది అడగకూడదు కదండీ, చట్టం' అన్నాడు.

పరీక్ష కోసం అడిగారు కాబట్టి చివరగా. జవాబులో చిన్న మ్యాపు గీయండి: ఐడర్, డానెవిర్కె, ఫ్లెన్స్‌బుర్గ్, డ్యూబ్బోల్, 1864 గీత, 1920 గీత. 1460, 1852, 1863, 1864, 1866, 1920, 1955 అన్న ఏడు సంవత్సరాలు చాలు, మిగతావి బట్టీ పట్టొద్దు. ప్రేగ్ 5వ అధికరణను మాత్రం వదలకండి. ముప్పై ఏళ్లలో నేను దిద్దిన పేపర్లలో దాని ఊసెత్తినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.